రాలే జుట్టు వేరు, పలచబడే జుట్టు వేరు

కిందటేడు డిసెంబరులో మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. 23 ఏళ్ళవాడు. ఒంగోలు నుంచి వచ్చి అమీర్‌పేట హాస్టల్లో ఉంటూ ఏదో సాఫ్ట్‌వేర్ కోర్సు చేస్తున్నాడు. "అన్నయ్యా, ఈ ఊరి బోరు నీళ్ళు నా జుట్టంతా తినేస్తున్నాయి. తలస్నానం చేస్తే బాత్‌రూమ్ జాలీకి ఉండలు ఉండలుగా అడ్డం పడుతోంది. మంజీరా నీళ్ళొచ్చే హాస్టల్ ఏదన్నా ఉంటే చెప్పు, మారిపోతా" అన్నాడు. గొంతు వింటే పరీక్ష తప్పినవాడిలా ఉంది.

వచ్చి ఎన్నాళ్ళయిందిరా అన్నాను. రెండు నెలలట. మరి అంతకుముందు? "సెప్టెంబర్లో డెంగ్యూ వచ్చి వారం రోజులు హాస్పిటల్లో ఉన్నా కదా, అమ్మ నీకు చెప్పలేదా?"

నీళ్ళ కేసు అక్కడే కొట్టుడుపోయింది. కానీ వాడికి ఆ మాట నచ్చలేదు. ఎప్పుడో తగ్గిపోయిన జ్వరానికీ ఇవాళ రాలే జుట్టుకీ సంబంధమేమిటని వాడి వాదన. బోడిగుండుకీ మోకాలికీ ముడిపెడుతున్నానన్నట్టు మాట్లాడాడు. నిజానికి ముడి పెట్టింది వాడే. జుట్టు విషయంలో మనమందరం చేసే పొరపాటు అదే: ఇవాళ రాలింది కాబట్టి కారణం ఇవాళే, మహా అయితే నిన్నే ఉండాలనుకుంటాం. ఆ లెక్క ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే ఒక్క వెంట్రుక జీవితాన్ని దగ్గర్నుంచి చూడాలి.

మనిషి తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. దేని ఆయుష్షు దానిదే, పక్కదానితో పనిలేదు. కుదురులో మొలిచిన వెంట్రుక రెండేళ్ళ నుంచి ఆరేళ్ళదాకా, నెలకు ఇంచుమించు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతూ పోతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో పెరుగుదల ఆగి, కుదురు పైకి ముడుచుకుంటుంది. ఆపైన మూడు నెలల విశ్రాంతి. ఈ విశ్రాంతి కాలంలో వెంట్రుక పెరగదు, ఊరికే పట్టుకుని ఉంటుంది. చివరికి వదిలేస్తుంది, ఆ కుదురులోనే కొత్తది మొదలవుతుంది. ఏ రోజు చూసినా తలమీది వెంట్రుకల్లో పదింట ఒక వంతు ఇలా విశ్రాంతిలోనే ఉంటాయి. ఇక లెక్క కట్టండి. లక్షలో పదోవంతు అంటే 10,000. అవన్నీ మూడు నెలల్లో, అంటే 90, 100 రోజుల్లో రాలాలి. రోజుకు వంద. ఇది జబ్బు కాదు, నెత్తిమీద రోజూ జరిగే మామూలు వ్యవహారం. మూడు రోజులకోసారి తలస్నానం చేసేవాడికి ఆ మూడు రోజులవీ ఒక్కసారే చేతిలోకొస్తాయి, గుండె గుభేలుమంటుంది.

రాలిన వెంట్రుకను ఒకదాన్ని తీసుకుని వెలుతురుకు పట్టి చూడండి. ఒక చివర ఆవగింజ కంటే బాగా చిన్న తెల్లటి బుడిపె ఉంటుంది. "వేరుతో సహా ఊడొచ్చింది, ఇక అక్కడ మొలవదు" అని చాలామంది కుర్రాళ్ళు బెంగపెట్టుకునేది దీన్ని చూసే. అది వేరు కాదు. విశ్రాంతి ముగించుకుని సక్రమంగా రాలిన వెంట్రుకకు ఉండాల్సిన ముద్ర అది. వెంట్రుకను పుట్టించే కణాలు మాడు చర్మం లోపలే ఉంటాయి. బుడిపె లేకుండా రెండు చివరలా తెగి ఉంటే ఆ వెంట్రుక రాలలేదు, విరిగింది. స్ట్రెయిట్‌నింగులు, రంగులు, తడి తలను దువ్వెనతో పీకడాలు ఆ ఖాతాలోకి వస్తాయి.

ఇప్పుడు మావాడి డెంగ్యూకు వద్దాం. ఒంటికి గట్టి దెబ్బ తగిలినప్పుడు, అంటే తీవ్రమైన జ్వరం, టైఫాయిడ్, కోవిడ్, పెద్ద ఆపరేషన్, నెలలో పది కిలోలు తగ్గాలని చేసే పస్తుల్లాంటివి వచ్చినప్పుడు, ప్రాణానికి అక్కరలేని పనులను శరీరం పక్కన పెడుతుంది. జుట్టు పెంచడం ఆ పనుల్లో ఒకటి. పెరుగుతున్న వెంట్రుకల్లో చాలా భాగం గడువు తీరకముందే ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళ్ళిపోతాయి. విశ్రాంతి రెండు మూడు నెలలు కాబట్టి, అవి రాలడం మొదలయ్యేది జ్వరం తగ్గిన రెండు మూడు నెలలకు. అప్పటికి మనం జ్వరాన్ని మరిచిపోయి ఉంటాం. ఎదురుగా షాంపూనో, హెల్మెట్టో, కొత్త హాస్టల్ నీళ్ళో కనపడతాయి. వాటిమీద నేరం మోపుతాం. డాక్టర్లు దీన్ని టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. పేరుకు నోరు తిరగదు గానీ కనిపెట్టే పద్ధతి తేలిక: జుట్టు విపరీతంగా రాలడం మొదలైన రోజు నుంచి క్యాలెండర్లో మూడు నెలలు వెనక్కి తిప్పండి. చాలాసార్లు అక్కడ ఏదో ఒకటి కనిపిస్తుంది.

ఊరు మారడానికీ జుట్టు రాలడానికీ ఉన్న అసలు లంకె కూడా ఇందులోనే ఉంది. వానాకాలం జ్వరాల సీజను. కాలేజీలు, కోచింగులు మొదలయ్యేది అటూ ఇటుగా అప్పుడే. దానికి తోడు హాస్టల్ తిండి: పొద్దున ఉప్మా, మధ్యాహ్నం నీళ్ళచారు, రాత్రికి మళ్ళీ అన్నమే, పప్పు అడుగంటి ఉంటుంది. వెంట్రుక అంటే కెరటిన్ అనే ప్రొటీన్. నెలల తరబడి ప్రొటీన్, ఇనుము చాలకపోతే జుట్టు పలచబడుతుంది. థైరాయిడ్ తేడా చేసినా అంతే. బోరు నీళ్ళలోని లవణాలు వెంట్రుకను గరుకుగా, పీచులా చేయగలవు. అవి పనిచేసేది బయటికి కనిపించే వెంట్రుక మీద. చర్మం కింద ఉన్న కుదురుకు తిండి, గాలి అందేది రక్తంలోంచి. హెల్మెట్ పెడితే కుదుళ్ళకు గాలి ఆడదనే మాట కూడా అందుకే నిలబడదు. హెల్మెట్ లోపలి గుడ్డను ఏడాదికోసారైనా ఉతకని వాళ్ళకు దురదలు, చీముపొక్కులు వస్తే అది వేరే సంగతి.

జ్వరం తర్వాత రాలే జుట్టుకు మందు దాదాపు అక్కర్లేదు. కారణం పోయాక మూడు నుంచి ఆరు నెలల్లో రాలడం తగ్గి, కొత్తవి మొలుస్తాయి. ఈ ఆరునెలలే వ్యాపారానికి బంగారు గని. ఆ సమయంలో ఏ నూనె రాసినా, ఏ మాత్ర మింగినా, ఎవరి దగ్గర తాయెత్తు కట్టించుకున్నా "పనిచేస్తుంది". ఎందుకంటే ఏమీ చేయకపోయినా వచ్చే జుట్టే అది.

మావాడికి ఇదంతా చెప్పి, రాలితే రాలనీరా, వేసవికల్లా సర్దుకుంటుంది అన్నాను. సగమే నిజమైంది. ఫిబ్రవరిలో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆవిడ వాడి తలలో యాభై, అరవై వెంట్రుకల పాయ ఒకటి వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగారు. రెండు వచ్చాయి. ఆరుకు మించి వస్తే రాలే జబ్బు ఇంకా నడుస్తోందని అర్థమట. రాలడం తగ్గిందన్నమాట. తర్వాత చిన్న భూతద్దం లాంటి పరికరాన్ని మొదట మెడ పైన, తర్వాత సుడి దగ్గర ఆనించి, రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించారు. మెడ పైన వెంట్రుకలన్నీ ఒకే లావున, చీపురు పుల్లల్లా ఉన్నాయి. సుడి దగ్గర ఒకటి లావు, పక్కది దారం, దాని పక్కది సాలెపోగు. "రాలిపోయింది తిరిగి వస్తోంది. ఇది మాత్రం వేరే కథ, డెంగ్యూకి ముందే మొదలైంది" అన్నారావిడ. మావాడు మా బాబాయిని తలుచుకున్నాడు. బాబాయికి 35 ఏళ్ళకే చెవుల పైన పాపిడి.

ఈ రెండో కథే బట్టతల. ఇందులో జుట్టు ఉండలుగా రాలదు, దిండు మీద పెద్దగా కనపడదు. కుదురు ప్రతి విడతా కొంచెం కొంచెంగా చిన్నదవుతూ, ఆరేళ్ళు బతకాల్సిన వెంట్రుకకు బదులు రెండేళ్ళది, తర్వాత ఆరునెలలది, చివరికి పసిపిల్లల ఒంటి మీద నూగులాంటిది మొలిపిస్తుంది. అందుకే రాలిన వెంట్రుకలు లెక్కపెట్టుకుని లాభం లేదు. తలమీద మిగిలినవాటి లావు ఎంత, అన్నీ ఒకేలా ఉన్నాయా అన్నది చూడాలి. పాయలో అయిదింట ఒక వంతుకు మించి సన్నబడి ఉంటే డాక్టర్లు బట్టతల మొదలైందనే అనుమానిస్తారు.

కుదురు ఎందుకు చిన్నదవుతుంది? ఈ ప్రశ్నకు జవాబు దొరికిన తీరు చిత్రమైనది. 1942లో జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్ శరీర నిర్మాణ శాస్త్రవేత్త, యవ్వనం రాకముందే వృషణాలు తొలగించబడిన మగవాళ్ళను పరిశీలించాడు. వాళ్ళలో బట్టతల లేదు. వాళ్ళకు మగ హార్మోను ఇస్తే, వంశంలో బట్టతల ఉన్నవాళ్ళకు మాత్రం జుట్టు పలచబడటం మొదలైంది. ఇవ్వడం ఆపితే పలచబడటం ఆగింది, పోయింది మాత్రం తిరిగి రాలేదు. అంటే రెండు కలిస్తేనే బట్టతల: ఒంట్లో మగ హార్మోను, రక్తంలో వంశం.

రెండో ఘట్టం 1974లో. కరీబియన్ దీవుల్లోని డొమినికన్ రిపబ్లిక్‌లో ఒక పల్లెలో, పుట్టినప్పుడు ఆడపిల్లలుగా కనిపించి, పన్నెండేళ్ళు దాటాక మగవాళ్ళుగా మారే పిల్లలు కొందరుండేవాళ్ళు. జూలియన్ ఇంపరాటో మెక్‌గిన్లీ అనే వైద్యురాలి బృందం వాళ్ళను పరీక్షించి, వాళ్ళలో టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను మామూలుగానే ఉంది గానీ, దాన్ని డీహెచ్‌టీ అనే ఇంకా ఘాటైన రూపానికి మార్చే ఎంజైమే కొరవడిందని తేల్చింది. పెద్దయ్యాక వాళ్ళకు గడ్డం పలచన, ప్రోస్టేట్ గ్రంథి చిన్నది, బట్టతల మాత్రం లేదు. మెర్క్ కంపెనీ వాళ్ళు ఆ దారి పట్టుకుని, అదే ఎంజైమును అడ్డుకునే మందు తయారుచేశారు. అదే ఫినాస్టరైడ్. 1992లో ప్రోస్టేట్ వాపుకు 5 మిల్లీగ్రాముల మాత్రగా, 1997లో బట్టతలకు 1 మిల్లీగ్రాము మాత్రగా అమెరికాలో అనుమతి వచ్చింది.

కాబట్టి బట్టతల వచ్చినవాడికి మగ హార్మోను ఎక్కువని గానీ, వీడు మరీ మగాడని గానీ అర్థం కాదు. హార్మోను అందరిలో ఉన్నంతే ఉంటుంది. నుదుటి మీద, కణతల దగ్గర, సుడి దగ్గర ఉన్న కుదుళ్ళకు డీహెచ్‌టీ అంటే పడదు, అంతే. చెవుల పైనా మెడ పైనా ఉన్న కుదుళ్ళకు ఆ బాధ లేదు. హస్తప్రయోగం వల్ల జుట్టు ఊడుతుందని హాస్టల్ గదుల్లో తరతరాలుగా నడుస్తున్న భయం కూడా ఇక్కడే తేలిపోతుంది. దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. పిల్లలు ఎవరినీ అడగలేక లోలోపల నలిగిపోతారు కాబట్టి ఈ మాట గట్టిగా చెప్పడం అవసరం.

వంశం సంగతి కాస్త మెలిక. "మేనమామ పోలిక" అంటాం కదా, అందులో కొంత నిజముంది. మగ హార్మోనును పట్టుకునే గ్రాహకం తాలూకు జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది, మగపిల్లాడికి అది తల్లి నుంచే వస్తుంది. కానీ కథ అక్కడితో ఆగలేదు. 2017లో బ్రిటన్‌లో 50 వేలకు పైగా మగవాళ్ళ మీద చేసిన అధ్యయనంలో బట్టతలతో లంకె ఉన్న జన్యు స్థానాలు 280కి పైగా బయటపడ్డాయి. వాటిలో ఎక్కువ భాగం తల్లి వైపు నుంచైనా, తండ్రి వైపు నుంచైనా రావచ్చు. మేనమామకు నిండా జుట్టుందని ధీమాగా ఉండక్కర్లేదు, తండ్రికి లేదని దిగులుపడనూ అక్కర్లేదు. మావాడికి రెండు వైపులా లాటరీ తగిలినట్టుంది పాపం.

జిమ్‌కు వెళ్ళే కుర్రాళ్ళకు ఒక ముక్క. క్రియేటిన్ అనే డబ్బా పొడి వాడితే బట్టతల వస్తుందనే ప్రచారానికి మూలం 2009లో దక్షిణాఫ్రికా రగ్బీ ఆటగాళ్ళ మీద చేసిన ఒక చిన్న అధ్యయనం. అందులో డీహెచ్‌టీ పెరిగిందన్నారు. జుట్టును ఎవరూ కొలవలేదు. డబ్బా పొడితో భయం ఆ మేరకే. జిమ్‌లో ఎవడో చాటుగా అమ్మే స్టెరాయిడ్ ఇంజెక్షన్ల సంగతి అలా కాదు. వంశంలో బట్టతల ఉన్నవాడు అవి పొడిపించుకుంటే పదేళ్ళలో రావాల్సింది ఏడాదిలో వచ్చి కూర్చుంటుంది.

మూడో రకం ఒకటుంది. రాత్రి పడుకుంటాడు, వారం తిరిగేసరికి తలలోనో గడ్డంలోనో రూపాయి బిళ్ళంత మేర నున్నగా అయిపోతుంది. మన వాళ్ళు దీన్ని పేనుకొరుకుడు అంటారు. ఏ పేనూ కొరకదు. ఒంటిని కాపాడాల్సిన రోగనిరోధక కణాలే పొరపాటున కుదుళ్ళ మీద పడతాయి. చాలామందిలో చిన్న మచ్చలు ఏడాదిలోపు వాటంతటవే పూడుకుంటాయి. త్వరగా పూడాలంటే డాక్టర్లు మచ్చలోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తారు. తలంతా పోయే తీవ్రమైన రకానికి బారిసిటినిబ్ అనే మాత్రకు 2022లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇక్కడ ఉల్లిపాయ రసం కథ చెప్పాలి. ఫోన్ తెరిస్తే చాలు, ఉల్లిరసం రాస్తే బట్టతల మీద జుట్టు మొలుస్తుందని ఎవరో ఒకరు చెబుతూనే ఉంటారు. దీనికి ఆధారంగా చూపించేది 2002లో ఇరాక్‌లో జరిగిన ఒక చిన్న ప్రయోగం. అది చేసింది పేనుకొరుకుడు ఉన్నవాళ్ళ మీద, బట్టతల వాళ్ళ మీద కాదు. పైగా పేనుకొరుకుడు దానంతటదే తగ్గే జబ్బు. రెండింటినీ ఒకటే చేసేసి, కళ్ళ నీళ్ళు కారేలా ఎంతమంది ఎన్ని ఉల్లిపాయలు పిండుకున్నారో.

మాడు సంగతికొస్తే, కుర్రాళ్ళలో ఎక్కువ ఫిర్యాదులు చుండ్రు మీదే. చుండ్రు మురికి వల్ల రాదు, మాడు ఎండిపోవడం వల్లా రాదు. మలసీజియా అనే ఒక ఫంగస్ అందరి నెత్తి మీదా కాపురముంటుంది. దానికి తిండి మన చర్మం ఊర్చే జిడ్డు. అది జిడ్డు తిని వదిలే ఆమ్లాలు కొందరి చర్మానికి పడవు, మంట పుట్టి పొట్టు రాలుతుంది. ఇక మన ఇళ్ళల్లో ఏం చేస్తాం? "మాడు ఎండిపోయిందిరా, అందుకే పొట్టు లేస్తోంది" అని అమ్మ ఆదివారం కూర్చోబెట్టి గోరువెచ్చటి నూనె పట్టిస్తుంది. ఫంగస్‌కు పెళ్ళి భోజనం. చుండ్రు లేనివాడు తలంటు పోసుకుంటే నష్టం లేదు, హాయే. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రొటీన్ పోకుండా కాపాడుతుందని 2003లో మన దేశంలోనే చేసిన పరిశోధన చెప్పింది. అది వెంట్రుకకు చేసే మేలు. కొత్త వెంట్రుకను మొలిపించే శక్తి ఏ నూనెకూ లేదు, అందులో మందారం వేసి కాచినా, గుంటగలగరాకు వేసి కాచినా.

చుండ్రుకు మందుల షాపులో దొరికే 2 శాతం కీటోకొనజోల్ షాంపూ బాగా పనిచేస్తుంది. పనిచేయలేదనేవాళ్ళలో ఎక్కువమంది తప్పు ఒక్కటే: రాసిన మరుక్షణం కడిగేస్తారు. మామూలు షాంపూలా నురగ రాగానే కడిగేయకూడదు. మాడుకు తగిలేలా రాసి, మూడు నుంచి అయిదు నిమిషాలు ఆగాలి. వారానికి రెండుసార్లు చొప్పున నాలుగు వారాలు, ఆ తర్వాత అప్పుడప్పుడు. చుండ్రు వల్ల బట్టతల రాదు. కానీ గోకి గోకి మాడును పుండు చేసుకుంటే వెంట్రుకలు రాలడం పెరుగుతుంది. పొట్టు దళసరిగా, వెండి రేకులా లేచి నుదుటి మీదికి దిగుతుంటే అది సోరియాసిస్ కావచ్చు. మెడ వెనక సెలూన్ మిషన్ మరీ నున్నగా ఆడించాక గట్టి పొక్కులు లేస్తుంటే అదింకో జబ్బు. వదిలేస్తే ఆ మేర మచ్చలు కట్టి, జుట్టు మొలవకుండా పోతుంది. ఈ రెండింటికీ డాక్టరు చూడాల్సిందే.

గుండు కొట్టిస్తే ఒత్తుగా వస్తుందా అన్న ప్రశ్న మన రాష్ట్రాల్లో తప్పదు, తిరుమల కల్యాణకట్టకు వెళ్ళని ఇల్లు ఉండదు కదా. 1928లోనే మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త, గొరిగినందువల్ల వెంట్రుక లావూ మారదు, పెరిగే వేగమూ మారదని కొలిచి చూపించింది. కత్తి పైపైన తెగ్గోస్తుంది, కుదురు దాకా వెళ్ళదు. కొస సన్నగా ఉండే వెంట్రుక స్థానంలో మొద్దుగా తెగిన మొదలు బయటికి రావడంతో చేతికి గరుకుగా, ఒత్తుగా తగులుతుంది. మొక్కు తీర్చుకోవడానికి వెళ్ళండి, ఆ లెక్క వేరు.

ఇక మందులు. బట్టతలకు గట్టి ఆధారాలున్న ముఖ్యమైన మందులు రెండు, వాటి చుట్టూ భయాలూ రెండు రెట్లు. మొదటిది మినాక్సిడిల్. ఇది నిజానికి రక్తపోటు మాత్ర. 1979లో అమెరికాలో అనుమతి పొందిన ఆ మాత్ర వేసుకున్నవాళ్ళకు ముఖం మీదా చేతుల మీదా వెంట్రుకలు మొలవడం చూసి, 1988లో తలకు రాసుకునే మందుగా మార్చారు. 5 శాతం మందు మిల్లీలీటరు చొప్పున రోజుకు రెండుసార్లు రాయాలి, 60 మిల్లీలీటర్ల సీసా సరిగ్గా నెలరోజులొస్తుంది. మొదలుపెట్టిన రెండో వారం నుంచి రెండో నెలదాకా జుట్టు ఇంకా ఎక్కువ రాలవచ్చు. విశ్రాంతిలో ఉన్న వెంట్రుకలను కొత్తవి ముందుగా తోసేస్తాయి కాబట్టి. చాలామంది ఇక్కడే బెదిరిపోయి సీసా పారేస్తారు. ఫలితం కనపడటానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. మానేస్తే కొద్ది నెలల్లో మళ్ళీ మొదటికొస్తుంది. ఇంట్లో పిల్లి ఉంటే జాగ్రత్త, ఈ మందు కొంచెం నాకినా దాని ప్రాణం మీదికొస్తుంది.

రెండోది ఇందాక చెప్పిన ఫినాస్టరైడ్. డాక్టరు చీటీ లేకుండా దీని జోలికి పోకూడదు. రెండేళ్ళపాటు చేసిన ప్రయోగాల్లో, మందు వేసుకున్నవాళ్ళలో 83 శాతం మందికి జుట్టు అంతకంటే తగ్గలేదు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో అలా నిలిచింది 28 శాతానికే. భయమంతా దుష్ఫలితాల మీద. అవే ప్రయోగాల్లో లైంగిక సమస్యలు చెప్పినవాళ్ళు మందు వైపు 3.8 శాతం, ఉత్తుత్తి మాత్ర వైపు 2.1 శాతం. చాలామందికి మందు ఆపాక తగ్గాయి. ఆపినా తగ్గలేదని చెప్పేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళ మాటను కొట్టిపారేయడం సరి కాదు. ఆత్మహత్య ఆలోచనలు కలిగినట్టు వచ్చిన నివేదికలను అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022లో మందు డబ్బాతో వచ్చే సమాచార పత్రంలో చేర్పించింది. కాబట్టి ఇదివరకే డిప్రెషన్ ఉన్నవాడు ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్ళూ చెప్పాలి. అవతలివైపు ఒక విచిత్రం: 2007లో ఇటలీలో ప్రోస్టేట్ రోగుల మీద చేసిన ఒక అధ్యయనంలో, దుష్ఫలితాల గురించి ముందే చెప్పినవాళ్ళలో 43.6 శాతం మంది, చెప్పనివాళ్ళలో 15.3 శాతం మంది లైంగిక సమస్యలున్నాయన్నారు. మాత్ర ఒకటే. భయానికీ కొంత మోతాదు ఉంటుందన్నమాట. నా మటుకు నేను, తెలిసి వేసుకోవడం మంచిదంటాను. రాత్రంతా వీడియోలు చూసి వేసుకోవడం తెలిసి వేసుకోవడం కాదు.

బయోటిన్ మాత్రల గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. ఒంట్లో ఆ విటమిన్ తక్కువైనవాళ్ళు చాలా అరుదు, మిగతావాళ్ళ జుట్టుకు అది చేసే మేలు రుజువు కాలేదు. ఒక్క హెచ్చరిక మాత్రం గుర్తుంచుకోవాలి. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని రక్తపరీక్షలను తప్పుదారి పట్టిస్తుంది, గుండెపోటును పట్టే ట్రోపోనిన్ పరీక్ష కూడా అందులో ఉందని 2017లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ హెచ్చరించింది. ఏ పరీక్షకు వెళ్ళినా ఈ మాత్ర వేసుకుంటున్న సంగతి చెప్పాలి. "విటమినే కదా, ఎక్కువైతే ఏం" అనేవాళ్ళకు బుల్ఢాణా గుర్తుచేస్తాను. మహారాష్ట్రలోని ఆ జిల్లాలో 2024 చివర్లో కొన్ని పల్లెల్లో జనానికి మూడు నాలుగు రోజుల్లో తలలు బోడి అయిపోయాయి. ఒక వైద్యుడు చేయించిన పరీక్షలు గోధుమల్లో మోతాదు మించిన సెలీనియం అనే ఖనిజం వైపు వేలు చూపించాయి. జుట్టు మాత్రల డబ్బా వెనక చదవండి, ఆ సెలీనియమే "జుట్టుకు బలం" అని రాసి ఉంటుంది. చిటికెడైతే అవసరం, ఎక్కువైతే ఉన్నదీ పోతుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళకముందు మావాడు వేరే చోటికి వెళ్ళొచ్చాడు, నాకు తర్వాత చెప్పాడు. ఏసీ, గాజు తలుపులు, కాఫీ. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి తలమీద కెమెరా పెట్టి, తెర మీద కుదుళ్ళు చూపించి, "ఇప్పుడే చేరకపోతే ఆర్నెల్లలో మొత్తం పోతుంది సర్" అందట. ఆ అమ్మాయి డాక్టరు కాదు, కౌన్సిలర్. ఆ పూటే చేరితే తగ్గింపు, వాయిదాలు కూడా ఉన్నాయట. బట్టతల ఆర్నెల్లలో రాదు, ఏళ్ళు పడుతుంది. నిర్ణయానికి ఒక నెల తీసుకుంటే మునిగిపోయేదేమీ లేదు. ఇవాళే అని తొందరపెట్టే చోటు నుంచి లేచి వచ్చేయడమే మేలు.

ఇక జుట్టు మార్పిడి. 1950ల్లో న్యూయార్క్ డాక్టరు నార్మన్ ఓరెన్‌ట్రైక్, మెడ వెనక కుదురును తీసి ముందు నాటితే అది వెనక ఉన్నప్పటి గుణంతోనే బతుకుతుందని గమనించాడు. నేటి మార్పిడులన్నీ ఆ గమనింపు మీదే నిలిచాయి. ఇబ్బందల్లా వెనక ఉన్న నిల్వకు హద్దుంది. జీవితం మొత్తానికి ఆరువేల కుదుళ్ళ చుట్టూ తీయగలరు, అంతకు మించి లాగితే వెనకా పలచనే. 22 ఏళ్ళకే ముందు గీత నాటించుకున్నవాడి సొంత జుట్టు దాని దారిన అది పోతూనే ఉంటుంది. 30కి నాటిన గీత ముందు, ఉన్న కాస్త వెనక, నడుమ ఖాళీ చెరువు. అందుకే మంచి డాక్టర్లు కుర్రాళ్ళను ఆగమంటారు, ముందు మందులతో నిలబెట్టమంటారు. ఎవరు చేస్తున్నారన్నది ఇంకా ముఖ్యం. యూట్యూబ్‌లోనో వర్క్‌షాపులోనో చూసినంత మాత్రాన ఈ పని చేయడానికి శిక్షణ అయిపోయినట్టు కాదని జాతీయ వైద్య కమిషన్ 2022 సెప్టెంబరులో విడిగా చెప్పాల్సి వచ్చిందంటే, పరిస్థితి ఎలా ఉందో అర్థం చేసుకోవచ్చు. 2025లో కాన్పూర్‌లో జుట్టు మార్పిడి చేయించుకున్న ఇద్దరు ఇంజనీర్లు చనిపోయారన్న ఫిర్యాదులు బయటికొచ్చాయి. ఆ క్లినిక్ నడిపింది పళ్ళ డాక్టరు. అదే ఏడాది ఏప్రిల్‌లో మన హైదరాబాద్‌లోనే, ఢిల్లీ నుంచి వచ్చాడంటూ ఒకతను బోడితలల మీద ఏదో రసాయనం రాస్తుంటే జనం ఎండలో వరసలు కట్టారు.

ఆ వరసలో నిలబడ్డవాళ్ళను చూసి నవ్వుకున్నవాళ్ళున్నారు. నాకు నవ్వు రాలేదు. పెళ్ళిచూపుల్లో పిల్ల తరఫువాళ్ళ చూపు ముందు నెత్తి మీదే పడుతుంది. ఫొటోకు టోపీ పెట్టుకునేవాడు, ఫ్యాన్ కింద కూర్చోనివాడు, వర్షంలో తడవడానికి భయపడేవాడు మన ఆఫీసుల్లోనే ఉన్నారు. "బట్టతల ఉంటే డబ్బొస్తుందిలే" అని మనం వేసే జోకు వాళ్ళకు కొత్త కాదు.

మావాడు ప్రతి నెలా ఒకటో తారీఖున హాస్టల్ మెట్ల దగ్గరి ట్యూబ్‌లైటు కింద నిలబడి, రూమ్మేట్ చేత సుడి ఫొటో తీయించుకుంటున్నాడు. ఒకే వెలుతురు, ఒకే కోణం, పొడి జుట్టు. డాక్టరమ్మ చెప్పింది అదే, రోజూ అద్దంలో చూసుకుంటే తేడా తెలియదని. నుదుటి మీద డెంగ్యూకు పోయినవి పిచ్చుక ఈకల్లా పొట్టిగా లేచాయి. సుడి దగ్గర ఉన్నది ఉన్నట్టుంది, డాక్టరమ్మ లెక్కలో అదే గెలుపు. మొన్న సెలూన్లో కటింగ్ అయ్యాక మంగలి అలవాటుగా వెనక అద్దం పట్టి చూపిస్తే, ఈసారి తల తిప్పేసుకోకుండా చూశాడట. హాస్టల్ మాత్రం మారిపోయాడు. అక్కడా బోరు నీళ్ళే. రాత్రి భోజనంలో గుడ్డు పెడతారట.